ఉగాది వసూళ్ళు: ఫ్లయర్ మీద ఎవరి నంబరు?

కోశాధికారి:
అందరికీ నమస్కారం. మన తెలుగు సంఘం ఉగాది ఫ్లయర్ శుక్రవారం ప్రింటుకి వెళ్తోంది. డబ్బు పంపడానికి జెల్ (ఇక్కడ అమెరికాలో ఫోన్ నంబరుతోనో ఈమెయిల్‌తోనో బ్యాంకు ఖాతాకి డబ్బు పంపే పద్ధతి) అన్నచోట మళ్ళీ నా సెల్ నంబరే వేశారు. దయచేసి తీసేయండి. కిందటి ఉగాది ఫ్లయర్ ఎన్ని వాట్సాప్ గ్రూపులు తిరిగిందో గానీ, పండగైన నెలలకి కూడా ఇళ్ళ ఏజెంట్లు, ఇన్సూరెన్సు వాళ్ళు పేరు పెట్టి మరీ ఫోన్లు చేశారు. అదైనా సర్దుకుంటాను. డబ్బంతా నా సొంత ఖాతాలో పడటమే అసలు టెన్షన్. ఇల్లు రీఫైనాన్స్ చేద్దామని వెళ్తే లెండర్ బ్యాంకు స్టేట్‌మెంట్లు అడిగాడు. ఎవరు టికెట్లు కొన్నారు, ఎవరెంత విరాళం ఇచ్చారు, అన్నీ పేర్లతో సహా అందులో ఉన్నాయి. పెద్ద జమలకి సంజాయిషీ కూడా రాసివ్వాల్సి వచ్చింది.

భోజనాల కమిటీ:
అందరం మనవాళ్ళమే కదండీ, ఇందులో గుట్టేముంది? జెల్‌కి ఫీజు లేదు. కార్డులు పెడితే ప్లేటు ప్లేటుకీ కోత. కేటరర్ ఇప్పటికే బొబ్బట్లకి వేరే రేటు అంటున్నాడు.

పిల్లల కార్యక్రమాలు:
అన్నా, మనవాళ్ళు మాత్రమే చూస్తే గొడవే లేదు. డాన్సు రిజిస్ట్రేషన్ల డబ్బు వెన్మో అనే చెల్లింపుల యాప్‌లో తీసుకున్నాం, గుర్తుందా? అక్కడ మనం మార్చుకోకపోతే చెల్లింపులు పబ్లిక్‌గానే ఉంటాయి. ఎంత పంపారో కనపడదు. ఎవరు ఎవరికి పంపారో, నోట్‌లో ఏం రాశారో కనపడుతుంది. ఒకావిడ పాపం పద్ధతిగా పాప పూర్తి పేరు, క్లాసు, బడి పేరు, శనివారం రిహార్సల్ టైము అన్నీ రాశారు. ఊరూపేరూ తెలియనివాడు కూడా చదువుకోవచ్చు.

ఇది నా భయం మాత్రమే కాదు. 2018లో ఒక పరిశోధకురాలు అంతకుముందు ఏడాది వెన్మోలో బహిరంగంగా ఉన్న 20 కోట్లకు పైగా లావాదేవీలు తీసి, వాటితోనే కొందరి రోజువారీ బతుకంతా చెప్పేసింది. 2021లో విలేకరులు అప్పటి ప్రెసిడెంట్ బైడెన్ వెన్మో ఖాతానే పది నిమిషాల్లోపు పట్టేశారు. ఆ తర్వాత గానీ స్నేహితుల జాబితా దాచుకునే వీలు రాలేదు.

వెబ్‌సైట్ వాలంటీర్:
అక్క చెప్పింది ఈ రాత్రికే చేసేద్దాం. వెన్మో సెట్టింగ్స్‌లో ప్రైవసీకి వెళ్ళి ‘ప్రైవేట్’ పెట్టాలి. పాత లావాదేవీలు మార్చే ఆప్షన్ అక్కడే విడిగా ఉంటుంది, చాలామంది దాన్ని వదిలేస్తారు. ఇకమీద వచ్చేవాటికి, పంపినవాళ్ళ సెట్టింగూ మనదీ వేరైతే రెండిట్లో ఏది గట్టిదో అదే చెల్లుతుంది. నోట్‌లో రిజిస్ట్రేషన్ నంబరు తప్ప ఏమీ రాయొద్దని ఫారం మీదే వేద్దాం.

జెల్‌కి ఫోన్ నంబరే ఉండాలని లేదు, ఈమెయిల్ చాలు. సంఘానికి ఎలాగూ ఈఐఎన్ (పన్ను శాఖ సంస్థలకి ఇచ్చే గుర్తింపు నంబరు) ఉంది, బ్యాంకు ఖాతా ఉంది. సంఘం ఈమెయిల్‌ని ఆ ఖాతాకే కలిపితే కమిటీ మారినా ఫ్లయర్ మార్చక్కర్లేదు. సంఘాల ఖాతాలకి జెల్ అన్ని బ్యాంకులూ ఇవ్వవు. మన బ్యాంకు ఇస్తుందో లేదో, ఇస్తే ఫీజు ఏమైనా ఉందో రేపు కనుక్కుంటాను.

పేపాల్‌లో టికెట్ల డబ్బు ‘ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ’ కింద వేయించుకోవద్దు, అది వాళ్ళ రూల్సుకి విరుద్ధం. అలాగని ఎవరి సొంత ఖాతాలోనో అమ్మకం కింద తీసుకుంటే, ఏడాదిలో 20,000 డాలర్లు, 200 లావాదేవీలు రెండూ దాటితే వచ్చిన డబ్బు లెక్క చెప్పే 1099-కె ఫారం ఆ మనిషి సోషల్ సెక్యూరిటీ నంబరు మీద పన్ను శాఖ ఐఆర్ఎస్‌కి వెళ్తుంది. కొన్ని రాష్ట్రాల్లో ఇంకా తక్కువకే.

సలహాదారు:
విరాళాల సంగతీ చూడండి బాబూ. కిందటిసారి తెర మీద పేర్లు, పక్కనే అంకెలు వేశారు. అందులో ఇద్దరు గుప్తదానం అని నాకు చెప్పి మరీ ఇచ్చారు. పేరు వేయాలా వద్దా అని ఫారంలో ఒక గడి పెట్టండి. అంకెలు మాత్రం ఎవరివీ వద్దు.

కోశాధికారి:
ఇంకొకటి. డబ్బు పంపిన స్క్రీన్‌షాట్లు గ్రూపులో పెట్టకండి. ఒకాయన పెట్టినదాంట్లో పైన ఖాతా నిల్వ కూడా కనపడుతోంది. నేను ఫోన్ చేసి తీయించేలోపే కింద దండాల ఎమోజీలు వచ్చేశాయి. రసీదు నాకు విడిగా పంపితే చాలు.

భోజనాల కమిటీ:
సరే, ఒప్పుకున్నాను. బ్యాంకు ఒప్పుకోకపోతే చెక్కులు తీసుకుందాం, నంబరు మాత్రం వేయొద్దు. ఒప్పుకుంటే ప్రింటుకి ముందు నేనే ఒక డాలర్ పంపి చూస్తాను, సంఘం పేరు వస్తుందో మన కోశాధికారి గారి పేరే వస్తుందో. ఆ పనిలో పనిగా, వేపపువ్వు ఎవరి ఫ్రీజర్లో ఉందో కూడా ఇవాళే చెప్పండి.