చిన్న బోర్డులో ఆర్‌సీ 522 కార్డు రీడర్ చిప్పు: కార్డు ఆనిస్తే గానీ చదవడం లేదు

అడిగినవారు (అనంతపురం):
అన్నలారా, మాది అనంతపురం. టవర్ క్లాక్ దగ్గర ఇన్వర్టర్ రిపేరు షాపు. ఒక హాస్టల్‌వాళ్లు పిల్లల అటెండెన్సుకు 10 కార్డు రీడర్లు చేసిమ్మన్నారు. బయట దొరికే ఆర్‌సీ 522 మాడ్యూల్‌తో చేసి చూపిస్తే 3 సెంటీమీటర్ల దూరం నుంచే చదివింది. అడ్వాన్సు కూడా ఇచ్చేశారు. కానీ ఆ మాడ్యూల్ 60 × 40 మిల్లీమీటర్లు, నా డబ్బాలో పట్టదు. చిప్పు విడిగా కొని 50 × 35లో రెండు పొరల బోర్డు వేయించాను. కార్డుకు సిగ్నల్ పంపే యాంటెన్నా కాయిల్ కూడా దాని మీదే, 4 చుట్లు. కెపాసిటర్లు మాడ్యూల్‌లో ఉన్న విలువలే పెట్టాను. వోల్టేజి 3.3 సరిగ్గానే ఉంది. వెర్షన్ రిజిస్టరు అడిగితే హెక్సులో 92 అంటోంది, అంటే చిప్పు బతికే ఉంది. కార్డు మాత్రం కాయిల్‌కి ఆనించాలి, ఒక్కోసారి అప్పుడూ పలకదు. మూడు రోజులుగా కోడ్ తిరగేస్తున్నా.

కర్నూలు నుంచి:
కోడ్ వదిలేయ్ తమ్ముడూ. కాయిల్ కింద రెండో పొరలో ఏముంది? గ్రౌండ్ రాగి పొర పోసినావా?

అడిగినవారు:
పోశానన్నా, నాయిస్ రాదని. వెనకాల లిథియం బ్యాటరీ కూడా కాయిల్‌కి అంటుకునే ఉంది.

కర్నూలు నుంచి:
ఇంకేం, దొంగ దొరికినట్టే. 13.56 మెగాహెర్ట్జ్ ఫీల్డు ఆ రాగిలో సుడి కరెంట్లు పుట్టిస్తుంది, అవి ఫీల్డుకే ఎదురు తిరుగుతాయి. ఇండక్టెన్స్ పడిపోయి ట్యూనింగ్ పైకి జరుగుతుంది. కాయిల్ కింద, కాయిల్ మధ్యలో రాగి మొత్తం తీసేయ్. చుట్టూ గ్రౌండ్ రింగు గీసి ఉంటే ఒకచోట తెంపు, లేకుంటే అది షార్టయిన చుట్టులా పనిచేస్తుంది. బ్యాటరీకి, కాయిల్‌కి మధ్య ఈ ఫ్రీక్వెన్సీకి పనికొచ్చే ఫెర్రైట్ షీటు పెట్టు, ఫీల్డు బ్యాటరీ లోహంలోకి పోకుండా అది అడ్డుకుంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఫెర్రైట్ ముక్కలు పనికిరావు, అడిగేలోపే చెప్తున్నా.

కడప నుంచి:
అన్నా, షీటు పెట్టాక ఇండక్టెన్స్ పెరుగుతుంది, కెపాసిటర్లు మళ్లీ లెక్కేసుకోవాలి. అసలు మాడ్యూల్ విలువలు మాడ్యూల్ కాయిల్‌కే కదా, మీ కాయిల్‌కి ఎలా నప్పుతాయి? మా ల్యాబులో నానో వీఎన్‌ఏతో (కాయిల్ ఏ ఫ్రీక్వెన్సీకి ట్యూన్ అయిందో చూపే చిన్న మీటరు) చూస్తాం. బ్యాటరీ, మూత అన్నీ బిగించాకే కొలవండి. ఊరికే టేబుల్ మీద పెట్టి కొలిచి మా ప్రాజెక్టు ఒకసారి మట్టి కొట్టుకుపోయింది. కెపాసిటర్లు సీ0జీ రకమే వాడండి, వేడికి వాటి విలువ మారదు.

ఇంకొకరు:
125 కిలోహెర్ట్జ్ ఈఎం-18 రీడర్ మాడ్యూల్ వేసుకుంటే ఈ తలనొప్పే ఉండదు.

అడిగినవారు:
కార్డులు 13.56వి ముందే కొనేశారు సార్, 400.
కర్నూలు అన్నా, రాత్రి ఒక బోర్డు మీద కాయిల్ కింది రాగిని సోల్డరింగ్ ఐరన్‌తో వేడి చేసి బ్లేడుతో ఒలిచేశాను. బ్యాటరీని వైరుతో పక్కకు లాగి పెడితే రెండున్నర సెంటీమీటర్లకు చదివింది! బ్యాటరీ మళ్లీ కాయిల్ వెనకాల పెడితే ఒక సెంటీమీటరుకు పడిపోయింది. షీటుకు ఆర్డరు పెట్టాను, వార్డెన్‌ని ఇంకో వారం అడిగాను. కడప తమ్ముడూ, శనివారం బస్సెక్కి వస్తే ఆ నానో వీఎన్‌ఏ ఓ గంట ఇప్పిస్తావా?