పేల్ సెయింట్స్ మొదటి ఆల్బమ్: పాటల మధ్య గ్యాప్ ఎందుకొస్తోంది?

ప్రశ్న: పేల్ సెయింట్స్ బ్యాండ్ మొదటి ఆల్బమ్ ‘ద కంఫర్ట్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్’ సీడీని ఎంపీ3లుగా మార్చాను. పాట మారినప్పుడల్లా చిన్న గ్యాప్. సీడీలో లేదు. దీని తర్వాత ఏ ఆల్బమ్ వినాలి?

జవాబు 1: తప్పు సీడీది కాదండీ, ఎంపీ3ది. అది పాటని ఫ్రేములనే సమాన ముక్కలుగా దాస్తుంది; ఒక్కో ఫ్రేమ్‌లో 1152 శాంపిళ్లు (శబ్దపు అతి చిన్న కొలతలు). పాట ఆ ఫ్రేముల్లో సరిగ్గా ఇమడకపోతే చివర మిగిలిన చోటు నిశ్శబ్దంతో నిండుతుంది. మామూలు ఆల్బమ్‌లో ఆ గ్యాప్ తెలియదు, కానీ ఇందులో పాటల్ని శబ్దాలతో ఒకదానికొకటి కలిపేశారు. సీడీని ఫ్లాక్‌లోకి (నాణ్యత తగ్గని ఆడియో ఫార్మాట్) మళ్లీ రిప్ చేయండి, అంటే కాపీ చేయండి. ప్లేయర్‌లో గ్యాప్‌లెస్ (పాటల మధ్య ఖాళీ లేకుండా వినిపించే సెట్టింగ్) ఆన్ చేసి, క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివరని తర్వాతి పాట మొదలుతో కలిపేసేది) సున్నాకి పెట్టండి. క్రాస్‌ఫేడ్ ఉంటే ఆ కలిపిన చోట్లు ముద్దయిపోతాయి.

జవాబు 2: ఈ బ్యాండ్ 1987లో ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో మొదలైంది, రికార్డులు తెచ్చింది 4ఏడీ లేబుల్. ఈ ఆల్బమ్ 1990ది. తర్వాత లష్ అనే బ్యాండ్ మాజీ గాయని మెరియల్ బారమ్ చేరింది, 1992లో ‘ఇన్ రిబ్బన్స్’ వచ్చింది. ముందు అది వినండి. 1993లో ఇయాన్ మాస్టర్స్ వెళ్లిపోయాడు. పాడేదీ, బేస్ గిటార్ వాయించేదీ అతనే!

జవాబు 3: అందుకే 1994 నాటి ‘స్లో బిల్డింగ్స్’ వేరే బ్యాండ్‌లా ఉంటుంది. చెడ్డదేం కాదు, మొదటిదాని పిచ్చి మాత్రం లేదు. 1996కల్లా దుకాణం కట్టేశారు.