నాలుగు అంగుళాల లోపు చాకుకు అనుమతి ఉంది సరే, ఓడ ఎక్కేటప్పుడు తీసుకెళ్ళాలా?

హ్యూస్టన్ కోడలు:
అందరికీ నమస్కారం. ఇంట్లో మూడు రోజులుగా తెగని పంచాయితీని ఇక్కడికి తెస్తున్నాను.

మా అత్తమామలు నరసరావుపేట నుంచి వచ్చి మా దగ్గర ఉంటున్నారు. వచ్చే నెల గాల్వెస్టన్ రేవు నుంచి ఏడు రాత్రుల క్రూయిజ్ ఉంది. మెక్సికోలోని కొజుమెల్, హోండురాస్‌లోని రొయటన్, ఆపైన బెలీజ్ దేశం చూసి వెనక్కి వస్తాం. మామయ్యగారి జేబులో ఎప్పుడూ ఒక మడత చాకు ఉంటుంది. కోటప్పకొండ తిరునాళ్ళలో కొన్నారట, మా పెళ్ళికంటే పాతది. చెక్క పిడి చేతి చెమటకు నల్లబడి నున్నగా అయింది. నూరి నూరి బ్లేడు నడుమ సన్నబడింది. కొలిచి చూశాను, రెండున్నర అంగుళాలు. ఆయన బత్తాయి తొక్క తీస్తే ఎక్కడా తెగకుండా ఒకే చుట్టగా వస్తుంది. దాన్ని మనవరాలి చేతికి గాజులా తొడుగుతారు.

మేం ఎక్కబోయే ఓడ నిబంధనల్లో నాలుగు అంగుళాలకు మించిన కత్తులు తేకూడదని రాశారు. ఆ లెక్కన ఇది తీసుకెళ్ళవచ్చు. మా వారు మాత్రం ససేమిరా అంటున్నారు. మామయ్యగారేమో "నువ్వే చదివి చెప్పావు కదమ్మా" అంటున్నారు. ఇద్దరి నడుమ అడకత్తెరలో పోకచెక్కలా ఉన్నాను. అనుమతి ఉన్నంత మాత్రాన తీసుకెళ్ళడం సబబేనా, మీరే చెప్పండి.

డాలస్ బాటసారి:
ఇంట్లో పెట్టి వెళ్ళండి. పొద్దున్నే లేచేసరికి కోసిన పుచ్చకాయ, అనాస, బొప్పాయి పళ్ళేల నిండా ఉంటాయి. పండు వెంట తీసుకుని ఒడ్డుకు దిగుదామంటే చాలా రేవుల్లో తాజా పండ్లను రానివ్వరు. చాకు ఉండి కోయడానికి పండు లేకపోతే ఏం లాభం?

పల్నాటి పంతులు:
నాకు నవ్వొస్తోంది. అదే ఓడలో రాత్రి భోజనానికి కూర్చుంటే, మాంసం తినే ప్రతి మనిషి ముందూ రంపపు పళ్ళ కత్తి పెడతారు. ఈ చాకు దాని ముందు పిల్ల. అంతస్తుకో బారు నడుపుతూ, తాగి వచ్చినవాడి చేతికి ఆ కత్తి అందిస్తూ, బత్తాయి ఒలుచుకునే పెద్దాయన జేబు తడమడం ఎక్కడి న్యాయం? నాలుగు అంగుళాలని రాసినవాళ్ళు ఏదో ఆలోచించే రాసి ఉంటారు. రాసినట్టు నడుచుకునేవాడిని కూడా అనుమానిస్తే ఇక రాయడం దేనికి? అమ్మా, నిశ్చింతగా తీసుకెళ్ళండి.

మోకు ముడి:
పంతులు గారి మాట వినడానికి బాగుంది. నేను పద్దెనిమిదేళ్ళు సరకు ఓడల్లో పనిచేసి ఇప్పుడు విశాఖలో స్థిరపడ్డవాడిని. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపికతో చదవండి.

ఓడకు కత్తి కొత్త కాదు. డెక్కు మీద పనిచేసే నావికుడి దగ్గర కత్తి ఉండి తీరాలి. మోకు బిగుసుకుని అందులో మనిషి కాలు చిక్కితే ముడి విప్పే వ్యవధి ఉండదు, తెగ్గొట్టాల్సిందే. అయితే పాతకాలం నుంచీ నావికుల చాకుల్లో చాలావాటికి మొన ఉండదు. బ్లేడు చివర గొర్రె గిట్టలా మొండిగా ఉంటుంది. ఊగే ఓడలో జారిపడితే పక్కవాడికి గుచ్చుకోకూడదని ఒక కారణం. కొట్లాటలో పొడుచుకోకూడదని రెండో కారణం చెబుతారు. అంటే, కత్తి తప్పనిసరి అయిన చోట కూడా దాని మొన గురించి ఆలోచించారు.

ఇక మీ ఓడ సంగతి. సరకు ఓడలో ఇరవై పాతిక మందిమి ఉంటాం, ఎవరి కోపం ఎలాంటిదో నెల తిరిగేసరికి అందరికీ తెలుస్తుంది. క్రూయిజ్‌లో వేలమంది ఉంటారు, ఒకరికొకరు తెలియదు, వారం దాటితే మళ్ళీ కనబడరు. నడిసముద్రంలో పోలీస్ స్టేషన్ ఉండదు, ఉన్నది ఓడ భద్రతా సిబ్బందే. కత్తిపోటు తగిలితే లోపలి వైద్యశాల రక్తం ఆపగలదు. పెద్ద ఆపరేషను కావాలంటే రేవు రావాలి, లేదా హెలికాప్టర్ అందే దూరంలో ఉండాలి.

భోజనపు కత్తులు వంటశాల నుంచి వచ్చి వంటశాలకే పోతాయి. పళ్ళేలు తీసే కుర్రాడు వాటినీ తీసేస్తాడు. జేబులో కత్తి మాత్రం ఈత కొలను దగ్గరికీ, జూదశాలకూ, అర్ధరాత్రి లిఫ్టులోకీ మనిషితో వస్తుంది. ఒక్క మాట ఒప్పుకుంటాను: గదికి భోజనం తెప్పించుకుంటే కత్తి కూడా గదికే వస్తుంది. అక్కడ పంతులు గారికి నా దగ్గర జవాబు లేదు.

పల్నాటి పంతులు:
జవాబు లేనిచోట లేదని ఒప్పుకున్నందుకు నమస్కారం సార్. ఇలాంటి మనిషితో వాదించడం కష్టం.

పాత పేపర్లు:
ఈ భయాలన్నీ గాలిలో పుట్టలేదు. 1985 అక్టోబరులో అకీలే లౌరో అనే ఇటలీ ఓడను ఈజిప్టు తీరానికి దగ్గరలో నలుగురు స్వాధీనం చేసుకున్నారు. దొంగచాటుగా పడవల్లో వచ్చినవాళ్ళు కారు, టిక్కెట్లు కొని సామానుతో ఎక్కిన ప్రయాణికులు. చక్రాల కుర్చీలో ఉన్న 69 ఏళ్ళ లియోన్ క్లింగ్‌హాఫర్‌ను కాల్చి సముద్రంలో పడేశారు. ఓడల మీద ఇలాంటి దాడులను నేరంగా చూసే 1988 నాటి రోమ్ అంతర్జాతీయ ఒడంబడిక దాని ఫలితమే. 2001 సెప్టెంబరులో అమెరికా మీద జరిగిన దాడుల తర్వాత మరో విడత బిగింపు జరిగి, ఓడలకూ రేవులకూ వర్తించే అంతర్జాతీయ భద్రతా నియమావళి 2004 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పుడు మన పెట్టెలు ఎక్స్‌రే గుండా పోతున్నాయంటే వెనక ఇంత కథ ఉంది.

పల్నాటి పంతులు:
వాళ్ళ సామానులో ఉన్నవి తుపాకులు, గ్రెనేడ్లు. దానికీ కోటప్పకొండ చాకుకూ ముడిపెడితే ఎలా? ఇంకొకటి. 2010లో అమెరికా చేసిన క్రూయిజ్ ఓడల భద్రతా చట్టంలో ఏముందో చూడండి. డెక్కు చుట్టూ ఉండే కంచె 42 అంగుళాలు ఉండాలన్నారు, గది తలుపుకు బయటివాళ్ళను చూసే కన్ను ఉండాలన్నారు, నేరం జరిగితే ఎఫ్‌బీఐకి చెప్పి తీరాలన్నారు. ఆ చట్టం వల్ల బయటికొచ్చే నేరాల పట్టికల్లో ఎక్కువ కనబడేవి లైంగిక దాడులు. సిబ్బంది శ్రద్ధ ఎటు పెట్టాలో ఆ పట్టికే చెబుతోంది.

మోకు ముడి:
ఆ పట్టిక నాకూ తెలుసు. గదిలోకి నెట్టేవాడి జేబులో చాకు కూడా ఉంటే ఆ ఆడపిల్ల పరిస్థితి ఏమిటో ఒక్కసారి ఊహించండి.

పల్నాటి పంతులు:
అది నేను ఆలోచించలేదు. అయినా నా మాట మీదే ఉన్నాను, కాకపోతే గొంతు తగ్గించి.

గాలిమోటారు:
2013 మార్చిలో అమెరికా విమాన భద్రతా సంస్థ 6 సెంటీమీటర్ల లోపు చిన్న చాకులను విమానం లోపలికి అనుమతిస్తామని ప్రకటించింది. విమాన సిబ్బంది గట్టిగా ఎదురుతిరిగారు, జూన్‌లో వెనక్కి తగ్గింది. మన దగ్గర దేశీయ విమానాల్లో సిక్కు ప్రయాణికులు తమ మత చిహ్నమైన కిర్పాన్ అనే కత్తిని ధరించవచ్చు, బ్లేడు 6 అంగుళాలు, మొత్తం 9 అంగుళాలు దాటకూడదు. రెండూ కత్తులే. ఎవరి దగ్గర, ఎందుకు ఉంది అన్నదాన్ని బట్టి కొలత మారుతోంది. మామయ్యగారి చాకుకు కారణం ఉందా అంటే, నా దృష్టిలో ఉంది.

థేమ్స్ గట్టు:
అందరూ ఓడ గురించే మాట్లాడుతున్నారు. దిగే నేల గురించి ఎవరూ అనరేమిటి? ఓడ ఒప్పుకున్న చాకును రేవు ఒప్పుకోవాలని లేదు. నేను సౌతాంప్టన్ నుంచి ఎక్కుతుంటాను. బ్రిటన్‌లో 1988 చట్టం ప్రకారం, సరైన కారణం లేకుండా బయట వెంట ఉంచుకోగలిగేది మడత చాకు ఒక్కటే. దాని పదును భాగం 3 అంగుళాలు మించకూడదు, తెరిచాక బిగుసుకుపోయే తాళం ఉండకూడదు. తాళం ఉంటే రెండంగుళాలదైనా ఆ మినహాయింపు కిందికి రాదు. అదే మన దేశంలో ఆయుధ నియమాలు 9 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు దగ్గర మొదలవుతాయి. ఇంత తేడా! మీరు దిగేది మూడు దేశాల్లో, మూడు చట్టాలు. చాకు ఓడలో ఉన్నా సరే, ఒడ్డుకు మాత్రం జేబులో వేసుకుని దిగవద్దని మామయ్యగారికి చెప్పండి.

పగడపు దిబ్బ:
కొజుమెల్ పేరు చూసి ఆగాను. అక్కడి పగడపు దిబ్బలు 1996 నుంచి జాతీయ పార్కు. డైవింగ్‌కు వెళ్ళేవాళ్ళు కూడా కత్తి, చేతి తొడుగులు పెట్టుకోకూడదు. తొడుగు ఉంటే పగడాన్ని పట్టుకుంటారు, కత్తి ఉంటే గీకుతారు అని. నీటి కింద వలకో తాడుకో చిక్కుకుంటే ప్రాణం కాపాడే వస్తువునే వద్దన్నారు చూడండి. ఇతర చోట్లకు నేను కత్తికి బదులు మొన లేని తాడు కోసే పరికరం తీసుకెళ్తాను. ఓడ ఎక్కేటప్పుడే సెక్యూరిటీకి చూపించి అడుగుతాను, వాళ్ళు దగ్గర పెట్టుకుని దిగే రోజున ఇస్తారు. చెప్పకుండా పెట్టెలో వేయడం మాత్రం నా అనుభవంలో మంచిది కాదు.

గుంటూరు పిన్ని:
నాకు చాకు గొడవ లేదు. నాది అడకత్తెర. ఏ ఓడో చెప్పను. రేవులో పోర్టరుకు ఇచ్చిన పెట్టెలన్నీ సాయంత్రానికి గది గుమ్మం ముందుకు వచ్చాయి, నాది రాలేదు. కింద ఒక గదికి రమ్మన్నారు. అక్కడ నాలాంటివాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. ఒకాయన చేతిలో ఇస్త్రీపెట్టె, ఒకావిడ దగ్గర టీ కెటిల్, ఇద్దరు కుర్రాళ్ళ దగ్గర ఎక్స్‌టెన్షన్ బాక్సులు. నా పెట్టె నాచేతే తెరిపించారు. ఆ పిల్లవాడు అడకత్తెరను అటూ ఇటూ తిప్పి, ఇది వేళ్ళు కత్తిరించేదా అని అడిగాడు. వక్కలు కత్తిరించేది నాయనా అని, ఒక వక్క పెట్టి టప్పున నొక్కి చూపించాను. అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. నాలుగు అంగుళాల లోపు కత్తెర తెచ్చుకోవచ్చని మీరే రాశారు కదా అన్నాను. అది గోళ్ళకూ మీసాలకూ వాడే కత్తెర గురించట. వారం రోజులు వక్క లేదు, నాలుక చప్పబడిపోయింది.

మోకు ముడి:
పిన్నిగారూ, ఎక్స్‌టెన్షన్ బాక్సుల మాట వచ్చింది కాబట్టి చెబుతాను. సర్జ్ ప్రొటెక్టర్, అంటే కరెంటు ఒక్కసారిగా పెరిగితే అడ్డుకునే భాగం, ఉన్నవి ఓడలో నిజంగానే ప్రమాదం. ఓడ విద్యుత్ వ్యవస్థ ఇంట్లోలా నేలకు కలిపి ఉండదు, అందువల్ల అవి వేడెక్కి అంటుకునే అవకాశం ఉంది. ఓడవాడిని కత్తికంటే నిప్పు ఎక్కువ భయపెడుతుంది. పెట్టెలు సర్దేటప్పుడు అందరూ చాకు గురించి వాదించుకుని, ఆ బాక్సును పట్టుచీరల కింద మర్చిపోతారు.

కోడలుగారికి నా సలహా. అనుమతి ఉంది కాబట్టి తీసుకెళ్ళండి, కానీ పెట్టెలో దాచవద్దు. చేతిసంచిలో పైనే పెట్టి, ఎక్స్‌రే దగ్గర మీరే బయటికి తీసి చూపించండి. కాగితం మీద ఏమి రాసి ఉన్నా ఆఖరి మాట అక్కడున్న అధికారిదే. వద్దంటే రసీదు అడగండి.

డాలస్ బాటసారి:
ఇంత వ్యవహారం ఒక బత్తాయి కోసమా! నేను ముందే చెప్పాను, ఇంట్లో పెట్టమని.

హ్యూస్టన్ కోడలు:
తిరిగి వచ్చాం. చదివిన వాళ్ళందరికీ సంగతి చెప్పకపోతే బాగుండదు.

మోకు ముడి గారు చెప్పినట్టే చేశాం. మామయ్యగారే చాకు తీసి బల్ల మీద పెట్టారు. అధికారిణి స్కేలుతో కొలిచి, రెండున్నర అంగుళాలే అని తల ఊపింది. తర్వాత తెరిచి బొటనవేలితో పదును చూసింది. అంతే, ముఖం మారిపోయింది. ఇంత పదునైన చాకును ఈ మధ్య చూడలేదంటూ పక్కాయన్ని పిలిచి చూపించింది. ఇద్దరూ మాట్లాడుకుని, నిబంధన ప్రకారం సరే గానీ మా దగ్గరే ఉంచుతాం, చివరి రోజు ఇస్తాం అన్నారు. నాలుగు అంగుళాల మాట నేను ఎత్తబోతే మామయ్యగారే వద్దని చెయ్యి చూపించారు. పదును మెచ్చుకున్నారు కదా, అక్కడికే ఆయన కడుపు నిండింది.

మూడో రోజు బత్తాయికి బదులు నారింజ దొరికింది. వెన్న రాసే కత్తితో ఒలవబోతే తొక్క ముక్కలు ముక్కలై, రసం చొక్కా మీద చిందింది. మనవరాలు గాజు ఏదని అడిగింది. వడ్డించే గోవా కుర్రాడు అది చూసి, లోపలికి వెళ్ళి ఒలిచిన పండు తెచ్చి ఇచ్చాడు. మామయ్యగారు థాంక్స్ చెప్పి తినకుండా పక్కన పెట్టారు. ఎవరో ఒలిచిన పండు ఆయన తినరు, అత్తయ్యగారు ఒలిచినా సరే.

చివరి రోజు పొద్దున వరసలో నలభై నిమిషాలు నిలబడ్డాం. కవరు చించి చాకు తీసుకుని, ఒకసారి తెరిచి, ఒకసారి మూసి జేబులో వేసుకున్నారు.

పల్నాటి పంతులు:
అంటే నిబంధన ఒప్పుకున్నా అధికారి ఒప్పుకోలేదు. నేను ఓడిపోయినట్టా, గెలిచినట్టా? పెద్దాయనకు కోపం రాలేదా?

హ్యూస్టన్ కోడలు:
వచ్చింది పంతులు గారూ, చాకు ఉంచేసుకున్నందుకు కాదు. రసీదులో "పాత కత్తి, ఒకటి" అని రాశారు. ఆ "పాత" అన్న మాట కొట్టేయించమని దారి పొడవునా నాతో పోరు పెట్టారు.