అప్‌డేట్: తమ్ముడి విషయంలో 14416కి ఫోన్ చేశాను

డిగ్రీ తప్పాక తమ్ముడు గది దాటి రావడం లేదని, నాన్నతో మాటల్లేవని పోయిన నెల అడిగాను కదా. మీలో ఒకరు చెప్పిన టెలీ మానస్‌కి (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్), అదే 14416కి, రాత్రి పదకొండింటికి చేశాను. ఉచితమే, తెలుగులోనే మాట్లాడారు. నన్ను మొత్తం చెప్పనిచ్చారు. నాకూ ఎంత టెన్షన్ ఉందో అప్పుడే తెలిసింది.

వాళ్ల సలహాతో జిల్లా ఆసుపత్రి మానసిక విభాగానికి వెళ్లాం. అంతకుముందు ఒక ప్రైవేటు డాక్టరు ఐదు నిమిషాల్లో మాత్రలు రాసి పంపేశారు. ఇక్కడ కౌన్సిలర్ మొదట వాడితో విడిగా మాట్లాడి, తర్వాత నాన్నను పక్కన కూర్చోబెట్టారు. "ఫెయిలైనందుకు కాదురా, నాతో చెప్పనందుకు బాధ" అన్నారు నాన్న. వాడు ఏడ్చేశాడు.

మూడుసార్లు వెళ్లొచ్చాం. నిద్ర ఇంకా సరిగ్గా లేదు. నిన్న మాత్రం అందరితో కూర్చుని అన్నం తిన్నాడు.