పాత లేజర్ పడవ డెక్కు మెత్తబడింది, పైన ఫైబర్ వేయించేయనా?

ప్రశ్న: గొల్లపూడి నుంచి

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఒకాయన దగ్గర ‘లేజర్’ అనే రకం పాత తెరచాప పడవ కొన్నాను. అరగంట తిప్పేసరికి ముక్కు బరువెక్కి కిందికి దిగుతోంది. ఒడ్డుకి లాగి వెనక బిరడా తీస్తే బకెట్టున్నర నీళ్లు కారాయి. మాస్ట్ (తెరచాప స్తంభం) దించే గుంట చుట్టూ బొటనవేలితో నొక్కితే డెక్కు (పడవ పైభాగం) నానిన అట్టలా లోపలికి పోతోంది. ఆటోనగర్‌లో చూపిస్తే "పైన రెండు పొరల ఫైబర్ మ్యాట్ వేస్తా, రాయిలా అవుతుంది" అన్నారు. వేయించేయనా?

జవాబు: హుస్సేన్‌సాగర్‌లో లేజర్ నడిపేవాడిని

ఆగండి, వేయించకండి. రాయిలా బరువెక్కడమే మనకి వద్దు. మాస్ట్, తెరచాప లేకుండా దీని ఖాళీ హల్ (పడవ ఒళ్లు) 59 కిలోలు. 1969లో కెనడా డిజైనర్ బ్రూస్ కర్బీ దీన్ని గీసిందే కారు టాప్ మీద కట్టుకెళ్లే పడవగా. పొడవు 4.2 మీటర్లు, తెరచాప 7 చదరపు మీటర్ల పైచిలుకు. 1996 నుంచి ఒలింపిక్స్‌లో ఉన్నా లోపలంతా డొల్లే. కింద చిప్ప, పైన డెక్కు, చుట్టూ అంచు దగ్గర అతుకు. డెక్కు కూడా గట్టి పలక కాదు, రెండు పల్చటి ఫైబర్ పొరల మధ్య ఫోమ్. ఆ ఫోమ్ నీళ్లు తాగితే పొర ఊడిపోతుంది, మీ వేలికి తగిలింది అదే.

నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో ముందు పట్టుకోవాలి. ఈ పడవ మాస్ట్‌ని పక్కల నుంచి లాగి పట్టుకునే తీగలు ఉండవు. రెండు అల్యూమినియం గొట్టాలు ఒకదాంట్లో ఒకటి దూర్చి, తెరచాపని దిండు గలీబులా తొడిగి, ఆ గుంటలో నిలబెట్టేస్తాం. గాలి తోపంతా గుంట మీదే. అడుగున ఇసుక చేరితే మాస్ట్ తిరిగిన ప్రతిసారీ గరుకు కాగితంలా అరగదీస్తుంది. పడవని సమంగా పెట్టి, గుంటలో అంచుదాకా నీళ్లు పోసి ఇరవై నిమిషాలు చూడండి. మట్టం తగ్గిందంటే దొంగ దొరికినట్టే.

అలాగే నీళ్లు మొత్తం కారాక పాత ఇనుప కొట్టు కాటా మీద ఒకసారి తూయించండి.

గొల్లపూడి

పోశానండీ. పది నిమిషాల్లో రెండంగుళాలు దిగింది. టార్చి వేసి చూస్తే అడుగున గోరుచంద్రుడిలా పగులు. కాటా మీద 71 కిలోలు. కాటా అబ్బాయి "దీనికి కిలో ఎంత ఇస్తారు" అని అడిగాడు!

హుస్సేన్‌సాగర్

పన్నెండు కిలోలు ఎక్కువ. దాంట్లో చాలావరకు ఫోమ్ తాగిన నీళ్లే. మాస్ట్ గుంట పక్కన డెక్కులో చెయ్యి దూరేంత, అయిదంగుళాల రంధ్రం కోయించండి. తర్వాత దానికి మరతో బిగిసే ప్లాస్టిక్ మూత వస్తుంది. ఆ రంధ్రం దగ్గర చిన్న ఫ్యాన్ పెట్టి, వెనక బిరడా తీసేసి, నీడలో వారాల తరబడి ఆరనివ్వండి. మన ఎండాకాలం ఇందుకైనా పనికొస్తుంది. కానీ అన్నీ బిగించి ఎండలో మాత్రం వదలొద్దు. లోపలి గాలి ఉబ్బి అంచు అతుకు విడిపోతుంది.

ఆరాక లోపలికి చెయ్యి పెట్టి మాస్ట్ గుంట అడుగు చుట్టూ ఎపాక్సీ (హార్డనర్ కలిపితే గట్టిపడే జిగురు), గ్లాసు ఫైబర్ గుడ్డ రెండు మూడు పొరలు వేయాలి. మెత్తబడ్డ చోట పై పొరకి మాత్రమే సన్న రంధ్రాలు వేసి, సిరంజితో ఎపాక్సీ ఎక్కించి, పైన పాలిథిన్ కాగితం పరిచి బరువు పెట్టండి.

జవాబు: ఆటోనగర్, ఫైబర్ పని మాది

అన్నా, ఎపాక్సీ ఎందుకు, రేటు ఎక్కువ. పడవ చేసింది పాలిస్టర్ రెజిన్ (ఇంకో రకం జిగురు)తోనే కదా. పాలిస్టర్ అయితే హార్డనర్ కాస్త తగ్గించుకుని ఎండాకాలంలో కూడా పని చేసుకోవచ్చు.

హుస్సేన్‌సాగర్

కొత్తగా అచ్చు పోసేటప్పుడు మీ మాట నిజమే తమ్ముడూ. ఎండిపోయిన పాత ఫైబర్ మీద మాత్రం పాలిస్టర్ పట్టు తక్కువ. గుంట దగ్గర మళ్లీ ఊడితే మాస్ట్ డెక్కుని చీల్చుకుని పడుతుంది. ఎపాక్సీకి హార్డనర్ ఎక్కువ తక్కువలు పనికిరావు, డబ్బా మీద ఉన్న కొలతే. బెజవాడ మధ్యాహ్నం గ్లాసులో కలిపితే చేతిలోనే పొగలొచ్చి గడ్డ కడుతుంది. తెల్లవారుజామున, కొంచెం కొంచెం, వెడల్పాటి పళ్లెంలో కలపండి.

ఆటోనగర్

పళ్లెం సంగతి నిజం, మా కుర్రాళ్లు రోజూ మగ్గులు పారేస్తుంటారు. గొల్లపూడి అన్నా, పాత ఫైబర్‌ని ముందు అసిటోన్‌తో తుడిచి, తర్వాత 80 నంబరు కాగితంతో రుద్దండి. పైన పట్టిన మైనం ఉండగా రుద్దితే అది లోపలికి ఇంకుతుంది.

గొల్లపూడి (నెల తర్వాత)

పని అయింది. ఇప్పుడు 63 కిలోలు. గుంటలో పోసిన నీళ్లు రాత్రంతా అలాగే ఉన్నాయి. అంచు అతుకు కూడా పరీక్షించాలా? కంప్రెసర్ పెడదామా అని మా బామ్మర్ది అంటున్నాడు.

హుస్సేన్‌సాగర్

కంప్రెసర్ జోలికి వెళ్లొద్దు, పడవ బెలూన్‌లా పగులుతుంది. కాక్‌పిట్ (కాళ్లు పెట్టుకునే పల్లం) ముందు గోడలో, డెక్కు అంచు కింద చిన్న గాలి రంధ్రం ఉంటుంది, దానికి టేపు వేయండి. బిరడా రంధ్రంలో పైపు పెట్టి నోటితో ఊదుతూ అంచు పొడుగునా సబ్బునీళ్లు రాయించండి. బుడగ లేచిన చోట పెన్సిల్ గుర్తు పెట్టుకోండి. అయ్యాక టేపు తీయడం మర్చిపోకండి.

నదిలో దింపే ముందు అనుమతి కనుక్కోండి. ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తారంటే పడవ ఇంట్లోనే ఉండాలి. 2024 సెప్టెంబరు వరదలో కొట్టుకొచ్చిన పెద్ద పడవలు గేట్ల దగ్గర ఏం చేశాయో చూశారుగా, మనది 63 కిలోలు.