శనివారం కచేరీ: సౌండ్ చెక్ సమయం మీద ఎవరూ చెయ్యి వేయకండి

సమన్వయం:
అందరికీ నమస్కారం. పల్లె పాటలను గిటారు, డ్రమ్స్‌తో కలిపి పాడే జానపద రాక్ బృందం ఇండియా నుంచి మన దగ్గరికి రావడానికి సరిగ్గా మూడు వారాలు ఉంది. ఈ పర్యటనలో మనది ఐదో మజిలీ. మనలో కొందరు ముందు మజిలీలకు వెళ్ళి చూసి వచ్చారని తెలిసింది. మొన్నటి సమావేశానికి రావడానికి తీరిక లేదన్నవారే ఆరు గంటలు కారు నడుపుకుంటూ కచేరీకి వెళ్ళారట. ఫిర్యాదు కాదు, ఊరికే గుర్తు చేస్తున్నాను.

వెళ్ళినవారు ఇక్కడ రాయండి. పాటలు ఎంత బాగున్నాయో రాస్తే కాదనను. కానీ నాకు ముఖ్యంగా కావలసింది అక్కడ ఏది చెడింది, ఎందుకు చెడింది అన్నది.

తాత్కాలిక పట్టిక ఇదీ: మధ్యాహ్నం 1 గంటకు హాలు మన చేతికి వస్తుంది. 3 నుంచి 4.30 వరకు అభిమానుల ముచ్చట, అంటే పర్యటన వెంట తిరిగినవారు తమ అనుభవాలు చెప్పే సభ. 4.30కి సౌండ్ చెక్, అంటే కచేరీకి ముందు మైకుల, వాద్యాల శబ్దం సరిచూసుకోవడం. 5.30కి తలుపులు తెరుస్తాం. 6 గంటలకు ప్రసంగాలు, సన్మానం. 6.45కి కచేరీ. రాత్రి 10.30కి హాలు ఖాళీ చేసి తాళాలు అప్పగించాలి.

ధ్వని, వేదిక:
క్షమించాలి అక్కా, ఈ పట్టిక నడవదు. సౌండ్ చెక్‌కు గంట చాలదు.

నేను రెండో మజిలీకి వెళ్ళి, కావాలనే మిక్సర్ బల్ల వెనక, అంటే మైకుల శబ్దాలన్నీ కలిపి సరిచేసే చోట కూర్చున్నాను. పాటకంటే తీగలే ఎక్కువ చూశాను. లెక్క రాసుకొచ్చాను: డ్రమ్స్‌కు ఎనిమిది మైకులు, డప్పుకు రెండు, డోలకుకు రెండు, పాడేవారికి నాలుగు, వయొలిన్, వేణువు, అకూస్టిక్ గిటారు, ఎలక్ట్రిక్ గిటారు, బేస్ ఒక్కొక్కటి. మొత్తం 21. ఒక్కొక్కదానికి రెండు నిమిషాలు వేసుకున్నా 42 నిమిషాలు. అది ఒక్కొక్కటి విడిగా పలుకుతోందా లేదా అని చూడడానికే. ఆ తరువాత అందరూ కలిసి వాయించాలి, ఎవరి మానిటర్‌లో, అంటే వేదిక మీదివారి వైపు తిప్పి పెట్టే స్పీకరులో, ఎవరి శబ్దం ఎంత వినబడాలో ఒక్కొక్కరూ చెప్పాలి, మళ్ళీ సరిచేయాలి. ఈ రెండో భాగంలోనే అసలు సమయమంతా పోతుంది.

అక్కడ సౌండ్ చెక్ నలభై నిమిషాలకు కుదించారు. కారణం అడగకండి, కింద రాస్తాను. ఫలితం మాత్రం మొదటి మూడు పాటల్లో అందరికీ తెలిసింది. అకూస్టిక్ గిటారు డొల్లగా ఉంటుంది కదా, పక్కనున్న స్పీకర్ల శబ్దానికి దాని పెట్టె కంపిస్తుంది. ఆ కంపనాన్ని గిటారుకు అమర్చిన పికప్ మైకులా అందుకుని మళ్ళీ స్పీకర్లకే పంపుతుంది. అలా తిరిగి తిరిగి అది కూత పెడుతుంది. ఏ స్వరం దగ్గర కూత మొదలవుతుందో సౌండ్ చెక్‌లోనే పట్టుకుని ఆ ఒక్కచోట తగ్గించాలి, గిటారు రంధ్రానికి రబ్బరు బిళ్ళ పెట్టాలి. వాళ్ళకు ఆ వ్యవధి లేక మొత్తం గిటారునే తగ్గించారు. తగ్గించేసరికి పాడే ఆయనకు శ్రుతి వినబడలేదు. ఆ పాటల్లో ఆయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశారు. నాకు ఆయన ముఖం ఇంకా గుర్తుంది.

జానపద రాక్‌లో ఒక చిక్కు ఉంది. వట్టి రాక్ అయితే మాట కాస్త మునిగినా ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ పాటంటేనే మాట. కథ వినబడకపోతే పల్లె పాట తెచ్చి గిటారు కింద పూడ్చినట్టే. 1965 జూలై 25న అమెరికాలోని న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో జానపద గాయకుడు బాబ్ డిలన్ మొదటిసారి ఎలక్ట్రిక్ బృందంతో వేదిక ఎక్కినప్పుడు జనంలో కొందరు గోల చేశారు. ఆ గోల ఎలక్ట్రిక్ గిటారు మీద కోపమా, లేక శబ్దం సరిగా లేక పాట అర్థంకాక వచ్చిన చిరాకా అన్న వాదన ఇన్నేళ్ళయినా తెగలేదు. నేను శబ్దం పక్షమే. నా పని అది కాబట్టి అనుకోండి.

కాబట్టి నా కోరిక ఒక్కటే: 2 గంటల నుంచి 4.30 వరకు హాలులో బృందం, సౌండ్ మనుషులు తప్ప ఇంకెవరూ ఉండకూడదు.

కార్యక్రమ నిర్వహణ:
బాబాయి గారూ, మరి అభిమానుల ముచ్చట ఎక్కడ పెట్టాలి? ఇప్పటికే పన్నెండు మంది మాట్లాడతామని పేర్లు ఇచ్చారు. వేదిక మీద, మైకు ముందు అని చెప్పి ఒప్పించాను.

ధ్వని, వేదిక:
అదే కారణం అమ్మా. రెండో మజిలీలో సౌండ్ చెక్ నలభై నిమిషాలైంది దాని వల్లే. అభిమానులు వేదిక దిగలేదు.

సమన్వయం:
సరే, ముచ్చటను పక్క గదికి మారుద్దాం. ఎనభై మంది పడతారు. చిన్న స్పీకరు ఒకటి చాలు. అసలు అభిమానుల మాటలకు వేదిక కన్నా గుండ్రంగా వేసిన కుర్చీలే నయం.

కుర్చీలు, తలుపులు:
మొదటి మజిలీకి నేను వెళ్ళాను. కుర్చీల సంగతి చెప్పాలి.

హాలంతా కుర్చీలే. మొదటి అరగంట బాగానే ఉంది, నెమ్మది పాటలు, జనం కూర్చుని విన్నారు. డప్పు మొదలయ్యాక కథ మారింది. ఒక్కరూ కూర్చోలేదు. ముందు వరుస కుర్చీల మీదికి ఎక్కినవారు కొందరు, నడవల్లోకి దిగినవారు కొందరు. చివరికి అత్యవసర ద్వారాల దగ్గర కూడా జనమే. హాలు వారు వచ్చి దీపాలు వెలిగించి ఆపేయమన్నారు. పది నిమిషాలు కచేరీ ఆగింది. ఆ పది నిమిషాల్లో బృందం వారు మైకులు లేకుండానే వేదిక అంచుకు వచ్చి కూర్చుని ఒక పాట పాడారు. నిజం చెప్పాలంటే ఆ రాత్రి మొత్తంలో నాకు అదే బాగా నచ్చింది. అలాగని మనం కూడా ఆపించుకోవాలని కాదు.

నా ప్రతిపాదన: వేదిక ముందు ఆరు వరుసలంత స్థలం ఖాళీగా వదిలేద్దాం. నిలబడేవారు, ఆడేవారు అక్కడ. కుర్చీలు ఆ వెనక నుంచి. నడవలకు ఇద్దరిద్దరు వాలంటీర్లు. పెద్దవారికి, చక్రాల కుర్చీలో వచ్చేవారికి స్థలం వెనక కాదు, ఒక పక్కన కొంచెం ఎత్తులో ఉండాలి. ముందున్నవారు లేచి నిలబడితే వెనక కూర్చున్న పెద్దాయనకు కనిపించేది వీపులే.

ధ్వని, వేదిక:
మంచి మాట. కుర్చీలు వెనక్కి జరిగితే చివరి వరుస వేదికకు సుమారు 35 మీటర్ల దూరమవుతుంది. శబ్దం సెకనుకు 343 మీటర్లే వెళ్తుంది, అంటే అక్కడికి చేరేసరికి పదో వంతు సెకను ఆలస్యం. హాలు మధ్యలో అదనపు స్పీకర్లు పెడితే వాటిని అందుకు తగినట్టు ఆలస్యం చేయాలి. లేకపోతే వెనకవాళ్ళకు ప్రతి మాటా రెండుసార్లు వినబడుతుంది. హాలు కొలతలు ఎవరైనా టేపు పట్టి తెచ్చి ఇవ్వండి. కంటి అంచనాలు వద్దు.

పిల్లల విభాగం:
నాది చిన్న విషయం. మూడో మజిలీకి మా పిల్లలిద్దరినీ తీసుకెళ్ళాను. చిన్నవాడు నాలుగో పాటకు చెవులు మూసుకున్నాడు. చుట్టూ చూస్తే చెవి రక్షణ ఉన్న పిల్లలు ఇద్దరు ముగ్గురే.

2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వినోద వేదికల కోసం ఒక ప్రమాణం ప్రకటించింది. దాని ప్రకారం 15 నిమిషాల సగటు 100 డెసిబెల్స్ దాటకూడదు, శబ్దాన్ని కొలుస్తూ ఉండాలి, చెవి రక్షణ అందుబాటులో ఉంచాలి, చెవులకు విశ్రాంతి ఇవ్వడానికి ఒక ప్రశాంతమైన చోటు ఉండాలి. ముచ్చట జరిగే పక్క గదినే కచేరీ సమయంలో ఆ ప్రశాంతమైన చోటుగా వాడుకోవచ్చు. చెవిలో పెట్టుకునే మెత్తని ఇయర్‌ప్లగ్గులు ద్వారం దగ్గర ఉంచుతాను. పిల్లలకు తలకు తగిలించే చెవికప్పులు ఎవరి దగ్గర ఉన్నా ఒక రోజుకు అరువు ఇవ్వండి.

డప్పు బాధ్యత:
దీని గురించి ఇంకెవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను. డప్పు తోలుది. తేమ తగిలితే వదులై మొద్దుగా పలుకుతుంది. ఊళ్ళో అయితే మంట దగ్గర సెగ చూపించి బిగువు తెచ్చుకుంటారు. హాలులో అగ్గిపుల్ల గీసినా గంటలు మోగుతాయి. నాలుగో మజిలీలో ఆ కళాకారుడు విరామంలో బయటకు వెళ్ళి కారు హీటర్ ముందు డప్పు పట్టుకుని కూర్చున్నాడు! మా అన్నయ్య ఫోటో కూడా తీశాడు. నవ్వు వచ్చింది కానీ, తరువాత సిగ్గుగా అనిపించింది. అంత దూరం నుంచి పిలిచి ఆ ఏర్పాటు కూడా చేయలేకపోయామే అని. వేదిక వెనక గదిలో ఒక విద్యుత్ హీటర్, పక్కనే ఒక బల్ల ఉండాలి. హాలు అనుమతి నేను అడుగుతాను.

ఇంకొకటి. వేదిక మీద పొగ యంత్రం వాడతారా? వాడితే హాలు వారితో ముందే మాట్లాడాలి, పొగను పసిగట్టే పరికరాలు మోగితే అందరినీ బయటకు పంపాల్సి వస్తుంది.

ధ్వని, వేదిక:
పొగ వద్దని బృందం వారే చెప్పారు, పాడేవారి గొంతుకు పడదట. నేనూ ఒకటి చేర్చుతాను. వాళ్ళు తెచ్చే అడాప్టర్లు, ఆంప్లిఫయర్ 230 వోల్టులవి, ఇక్కడ గోడలో ఉన్నది 120. అడాప్టర్ల మీద 100 నుంచి 240 అని రాసి ఉంటే ప్లగ్గు మారిస్తే చాలు. ఆంప్లిఫయర్‌కు అలా కుదరదు, ఇక్కడే అద్దెకు తీసుకుందాం. ట్రాన్స్‌ఫార్మర్ ఉందని ఎవరైనా మొహమాటపెట్టినా ఒప్పుకోకండి.

రవాణా:
కచేరీ అయ్యాక అదే రాత్రి వాళ్ళను తదుపరి మజిలీకి వ్యానులో పంపాలని పాత ప్రణాళికలో ఉంది. ఐదు గంటల దారి. నేను నడపను, ఇంకెవరినీ నడపనివ్వను.

ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ పేరు విన్నారా? ఇంగ్లండ్ జానపద పాటను రాక్‌తో కలిపినవారిలో మొదటి వరుస బృందం. 1969 మే 12 తెల్లవారుజామున బర్మింగ్‌హామ్‌లో కచేరీ ముగించుకుని లండన్ తిరిగి వస్తుంటే ఎం1 రహదారి మీద వాళ్ళ వ్యాను ప్రమాదానికి గురైంది. డ్రమ్మర్ మార్టిన్ లాంబుల్ చనిపోయాడు, అప్పటికి అతనికి 19 ఏళ్ళు. గిటారిస్టు రిచర్డ్ థాంప్సన్ స్నేహితురాలు జీనీ ఫ్రాంక్లిన్ కూడా చనిపోయింది. మిగిలినవాళ్ళు నెలల తరబడి కోలుకుని, కొత్త డ్రమ్మర్‌తో ఆ ఏడాది చివరికే మరో ఆల్బమ్ తెచ్చారు. దాన్నే ఈనాటికీ ఆంగ్ల జానపద రాక్‌కు పునాది అంటారు. నాకు ఆ ఆల్బమ్ ప్రాణం. కానీ వినే ప్రతిసారీ ఆ వ్యానే గుర్తొస్తుంది.

రాత్రికి ఇక్కడే ఉంచుదాం. ఉదయం పదికి బయలుదేరితే మధ్యాహ్నం మూడుకు చేరతారు. ఇద్దరు డ్రైవర్లు, ముందు రాత్రి కచేరీ పనుల్లో లేనివారు కావాలి. ఒకడిని నేను. అంటే నేను కచేరీ మధ్యలోనే ఇంటికి వెళ్ళి పడుకుంటాను. బాధగానే ఉంది.

కుర్చీలు, తలుపులు:
రెండో డ్రైవరు నేను. కుర్చీల పని ఆరింటికల్లా మా తమ్ముడికి అప్పగిస్తాను. మొదటి మజిలీలో చూశాను కాబట్టి నాకు అంత నష్టం లేదు.

కార్యక్రమ నిర్వహణ:
ముచ్చటలో మాట్లాడేవారి గురించి. పన్నెండు మందిలో ఒక్కరి మాట మాత్రం అందరూ వినాలని నా కోరిక. మా అత్తగారు. రెండో మజిలీకి మొహమాటానికి వచ్చారు, గిటారు మోత అంటే ఆవిడకు పడదు. ఒక పాట మొదలయ్యేసరికి నిటారుగా కూర్చున్నారు. నాట్లు వేసేటప్పుడు వాళ్ళమ్మ పాడిన పాటట. పాట అయ్యాక నాతో అన్నారు, "బాగా పాడారు కానీ ఒక చరణం మింగేశారు" అని. కచేరీ అయ్యాక వరుసలో నిలబడి, తన వంతు వచ్చాక, సంతకం అడగకుండా ఆ చరణం పాడి వినిపించారు. పాడే అమ్మాయి ఫోనులో రికార్డు చేసుకుంది.

డప్పు బాధ్యత:
నాలుగో మజిలీలో ఆ పాట పాడారు వదినా. కొత్త చరణం మాత్రం పాడలేదు. పల్లవి దగ్గర మాత్రం వాద్యాలన్నీ ఆపి, గొంతు ఒక్కటే ఉంచారు. ముందు మజిలీల్లో అలా లేదని మా అన్నయ్య అన్నాడు. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో మరి.

కార్యక్రమ నిర్వహణ:
ఈ మాట ఆవిడకు ఇప్పుడే చెప్పను. ముచ్చటలో మీరే చెప్పండి.

సమన్వయం:
సవరించిన పట్టిక. 1 గంటకు తాళాలు. 2 నుంచి 4.30 సౌండ్ చెక్, హాలు తలుపులు లోపలి నుంచి మూసి ఉంటాయి. 3.30 నుంచి 5 పక్క గదిలో ముచ్చట, ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు, అత్తగారికి లెక్క లేదు. 5.30కి తలుపులు. 6.15కి కచేరీ. విరామం 20 నిమిషాలు, సన్మానం అందులోనే, వేదిక కింద, ప్రసంగం లేకుండా.

కార్యవర్గంలో ఇద్దరు ప్రసంగాలు తయారు చేసుకున్నారని నాకు తెలుసు. వాటిని మన సంచికలో అచ్చు వేయిస్తానని నేనే ఫోను చేసి చెబుతాను. హాలు కొలతలకు టేపు పట్టుకుని వచ్చేది ఎవరు?

పిల్లల విభాగం:
బుధవారం సాయంత్రం నేను వెళ్తాను. టేపుకు రెండో కొస పట్టుకోవడానికి పెద్దవాణ్ణి తీసుకెళ్తాను.