నింటెండో తాళం చిప్: నాణ్యత కోసమా, గుత్తాధిపత్యం కోసమా?

పాత కేసెట్:
జపాన్ కంపెనీ నింటెండో 1985లో అమెరికాలో దింపిన టీవీ గేమ్ మెషీన్ ఎన్ఈఎస్‌లో 10ఎన్ఈఎస్ అనే చిన్న తాళం చిప్ ఉండేది. మెషీన్‌లో ఒకటి, ప్రతి గేమ్ కేసెట్‌లో ఒకటి. స్విచ్ వేయగానే రెండూ ఒకే ప్రోగ్రామ్ నడుపుతూ ఒకదాన్నొకటి సరిచూసుకుంటాయి. ఎక్కడ తేడా వచ్చినా మెషీన్‌లోని చిప్ దాదాపు సెకనుకోసారి ప్రాసెసర్‌ను రీసెట్ చేస్తూ పోతుంది. లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటుంది, గేమ్ మాత్రం మొదలవదు. 1983లో జపాన్‌లో వచ్చిన అసలు మెషీన్ ఫామికామ్‌లో ఇది లేదు. చెత్త గేములను ఆపడానికే పెట్టామని కంపెనీ చెప్పింది. నేను ఒప్పుకోను. ఎవరు గేమ్ అమ్మాలో, ఎన్ని అమ్మాలో తమ గుప్పిట్లో ఉంచుకోవడానికే పెట్టారు. మీరేమంటారు?

జాయ్‌స్టిక్ రాజు:
అప్పటి అమెరికా మార్కెట్ పరిస్థితి చూడకుండా ఈ మాట అనకూడదండి. అంతకుముందు అక్కడ నడిచిన అటారీ కంపెనీ గేమ్ మెషీన్ అటారీ 2600కి తాళం లేదు. 1979లో అటారీ నుంచి బయటికొచ్చిన ప్రోగ్రామర్లు యాక్టివిజన్ అనే కంపెనీ పెట్టి మంచి గేములే చేశారు. ఆ తర్వాత మాత్రం గేముల గురించి ఏమీ తెలియని కంపెనీలు కూడా కేసెట్లు గుద్ది షాపుల్లో పోశాయి. అమ్ముడుపోని సరుకును అయినకాడికి వదిలించుకున్నారు. 1983లో సుమారు 320 కోట్ల డాలర్లున్న ఇంటి వీడియో గేముల వ్యాపారం 1985కి 10 కోట్లకు పడిపోయిందని లెక్క. వీడియో గేమ్ అంటేనే షాపువాళ్లు మొహం తిప్పుకునే రోజులవి. అందుకే ఎన్ఈఎస్‌ను వీసీఆర్‌లా డిజైన్ చేశారు, రాబ్ అనే బొమ్మ రోబోను జత చేశారు. అలాంటి చోట మళ్లీ తలుపులు బార్లా తెరిచి పెట్టమంటారా?

పాత కేసెట్:
రాజు గారూ, పరిస్థితి మీరు చెప్పినట్టే ఉంది. కానీ చిప్ వెనకున్న షరతులు చూడండి. లైసెన్స్ తీసుకున్న కంపెనీ ఏడాదికి 5 గేములే వేయాలి. ఆ గేమ్ రెండేళ్లపాటు వేరే మెషీన్‌లో రాకూడదు. కేసెట్లు నింటెండోనే తయారు చేస్తుంది, డబ్బు ముందే కట్టాలి. 1988లో చిప్పుల కొరత వచ్చినప్పుడు ఎవరికి ఎన్ని కేసెట్లు ఇవ్వాలో కూడా నింటెండోనే తేల్చింది. గేమ్ బాగుందో లేదో చూడడానికి వేరే మెషీన్‌లో రాకూడదనే షరతు ఎందుకండీ? 5 గేముల పరిమితి దాటడానికి కొనామీ అనే గేమ్ కంపెనీ అల్ట్రా అని రెండో పేరు పెట్టుకుంది, నింటెండో సరేనంది. ఆ పరిమితి నాణ్యత కోసమే అయితే పేరు మార్చగానే ఎలా సడలింది?

టంకం కడ్డీ:
నేను పాత మెషీన్లు రిపేర్ చేస్తాను. నా దగ్గరికి వచ్చే ఎన్ఈఎస్‌లలో ఎక్కువ భాగం ఈ లైటు మినుకు సమస్యతోనే వస్తాయి. వీసీఆర్‌లా కనపడాలని కేసెట్‌ను ముందు నుంచి తోసి కిందికి నొక్కే పద్ధతి పెట్టారు. లోపలున్న 72 పిన్నుల కనెక్టర్ నాలుగేళ్లు వాడేసరికి వదులైపోతుంది. ఆటకు కావాల్సిన పిన్నులన్నీ బాగానే తగులుతున్నా, తాళం చిప్‌కి వెళ్లే ఒక్క పిన్ను సరిగా తగలకపోతే చాలు, మెషీన్ రీసెట్ అవుతూనే ఉంటుంది. డబ్బు పెట్టి కొన్న ఒరిజినల్ కేసెట్‌నే దొంగ కేసెట్ అనుకుంటుంది! పిల్లలు కేసెట్‌లోకి ఉఫ్ అని ఊదేవాళ్లు. ఆ ఊపిరి తడికి రాగి పట్టీలు ఇంకా పాడయ్యేవి. దీనికి మా పనివాళ్లందరికీ తెలిసిన మందు ఒకటే. బోర్డు మీద ఆ చిప్ 4వ పిన్నును కత్తిరించి పైకి లేపడం. తాళం నోరు మూస్తుంది, మినుకు ఆగిపోతుంది. ఇది ఎవరికి నాణ్యత ఇచ్చిందో నాకైతే అర్థం కాలేదు.

జాయ్‌స్టిక్ రాజు:
అది కనెక్టర్ తప్పు బ్రదర్, ఆలోచన తప్పు కాదు. ఇక తాళం పగలగొట్టినవాళ్ల సంగతి చూడండి. అటారీ గేమ్స్ వాళ్లు కోర్టు కేసు కోసమని చెప్పి అమెరికా కాపీరైట్ ఆఫీసు నుంచి ఈ చిప్ ప్రోగ్రామ్ కాపీ తెచ్చుకున్నారు, దాంతో తమ సొంత చిప్ చేసుకుని టెన్జెన్ పేరుతో కేసెట్లు అమ్మారు. 1992లో అప్పీలు కోర్టు నింటెండో వైపే నిలిచింది.

పాత కేసెట్:
తీర్పులో సగమే చెప్పారు. చిప్‌ను విప్పి చూసి ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడం తప్పు కాదని కూడా ఆ కోర్టే అంది. అబద్ధం చెప్పి కాపీ తెచ్చుకోవడమే వాళ్లను ముంచింది. టెన్జెన్ చేసింది తప్పే, దాన్ని సమర్థించను. దానివల్ల నింటెండో షరతులు న్యాయమైపోవు కదా.

కాంట్రా అభిమాని:
మన దగ్గర సంగతి కూడా చెప్పాలి. 90ల్లో మన ఇళ్లలో ఆడిన టీవీ గేములు చాలావరకు ఫామికామ్ నకళ్లే. ఫామికామ్‌లో తాళం లేదు కాబట్టే అవి అంత తేలిగ్గా తయారయ్యాయి. ఎన్ఈఎస్ లాంటి తాళమే అందులోనూ ఉంటే మనలో చాలామంది మారియోను, కాంట్రాను చూసేవాళ్లే కాదు.

జాయ్‌స్టిక్ రాజు:
ఆ కేసెట్ల మీద 9999 గేములని రాసుండేది. లోపల తిప్పితిప్పి అవే పది ఇరవై. తాళం లేకపోతే జరిగేది అదే.

పాత కేసెట్:
అయితే జపాన్‌కే వెళ్దాం. తాళం లేని ఫామికామ్ మార్కెట్ అక్కడ కూలలేదు. 1986లో డ్రాగన్ క్వెస్ట్, 1987లో ఫైనల్ ఫాంటసీ ఆ మెషీన్ మీదే వచ్చాయి. లైసెన్స్ లేని కేసెట్లు అక్కడా అమ్మారు, అయినా మంచివి నిలిచాయి. నింటెండోకీ గేమ్ తయారీదారులకీ మధ్య లైసెన్స్ ఒప్పందం ఒక్కటే అక్కడ సరిపోయింది.

జాయ్‌స్టిక్ రాజు:
జపాన్‌లో అటారీ లాంటి పతనం జరగలేదు. షాపువాళ్లకు ఆ భయం లేదు. రెండు దేశాలనూ ఒకే గాటన కట్టకండి.

టంకం కడ్డీ:
1993లో నింటెండోనే పైనుంచి కేసెట్ పెట్టే చిన్న ఎన్ఈఎస్ తెచ్చింది. నా బల్ల మీద ఒకటి విప్పి ఉంది. ఆ బోర్డు మీద తాళం చిప్ లేదు. లైసెన్స్ లేని కేసెట్ పెట్టినా నడుస్తుంది.

పాత కేసెట్:
అదే నేను అడిగేది రాజు గారూ. నాణ్యతే ప్రాణమైతే 1993లో ఎందుకు తీసేశారు? అప్పటికి అసలు వ్యాపారం వాళ్ల తర్వాతి మెషీన్ సూపర్ నింటెండోకి మారింది. దాంట్లో మాత్రం తాళం ఉంది.